వృద్ధులు, యౌవనులు, సంఘము: తరములను కలిపే కార్యక్రమముల చరిత్రపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతము

ప్రవక్తయైన జెకర్యా యెరూషలేము పునరుద్ధరణను గూర్చి చెప్పేటప్పుడు ఒక వీధిని మన కన్నులయెదుట నిలుపుతాడు (జెకర్యా 8:4–5). ఆ వీధిలో చేతికర్ర సాయము లేనిదే నడవలేని ముసలివారు కూర్చుని ఉంటారు. అదే వీధినిండా పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. చెరనుండి తిరిగివచ్చిన జనమునకు ఇది మామూలు దృశ్యము కాదు. యుద్ధములో, కరవులో, చెరలో ముందుగా రాలిపోయేది ముసలివారూ పసివారూ గనుక, ఈ ఇరువురూ ఒకే వీధిలో నిర్భయముగా కనబడటమే పట్టణము బాగుపడినదనుటకు గుర్తు అని ప్రవక్త భావము.

నేటి మన పట్టణ సంఘములలో ఈ వీధి ఎక్కడ ఉన్నది? ఆదివారము ఉదయము పిల్లలు ఒక గదిలో, యౌవనస్థులు మరొక గదిలో, స్త్రీలు వేరొక కూడికలో, వృద్ధులు ఆరాధనలో ముందు వరుసలో కూర్చుంటున్నారు. అందరూ ఒకే ఆవరణలో ఉన్నారు గాని ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఈ ఏర్పాటు అపొస్తలుల కాలమునుండి వచ్చినదని మనలో చాలామంది అనుకొంటారు. చరిత్రను పరిశీలిస్తే దీని వయస్సు నూట యాభై సంవత్సరములకు మించదు. దీనివలన కలిగిన లోటును పూడ్చుటకు గత అరవై సంవత్సరములలో వివిధ దేశములలో కొన్ని కార్యక్రమములు పుట్టాయి. వృద్ధులను యౌవనులను బుద్ధిపూర్వకముగా ఒకచోట చేర్చే ఈ ప్రయత్నములను సామాజిక శాస్త్రవేత్తలు తరముల మధ్య కార్యక్రమములని పిలుస్తున్నారు.

ఈ వ్యాసములో మేము ఆ చరిత్రను సంక్షిప్తముగా వివరించి, అందులో సంఘము పోషించిన పాత్రను, సంఘము చేసిన పొరపాటును కూడా చూపించదలిచాము. అట్టి కార్యక్రమములు ఎప్పుడు ఫలించాయి, ఎప్పుడు పైపై వేడుకలుగా మిగిలిపోయాయి అనే ప్రశ్నను చివరి భాగములో మన తెలుగు సంఘములకు అన్వయిస్తాము.

2. వేల్సు దేశపు బడులు: ఒకే బల్లమీద తాత, మనుమడు

ఆదివారపు బడి అనగానే మనకు 1780లో ఇంగ్లాండులోని గ్లోస్టరు పట్టణములో రాబర్ట్ రైక్స్ ఆరంభించిన పని గుర్తుకు వస్తుంది. అది పని చేసుకొని బ్రతికే బీద పిల్లల కొరకు ఏర్పడినది. వారమంతా పనికి పోయే పిల్లలకు ఆదివారము ఒక్కటే తీరిక దినము. అందుచేత ఆదివారపు బడి ఆదినుండీ పిల్లలదే అనే అభిప్రాయము మనలో స్థిరపడింది.

అయితే దాని ప్రక్కనే ఉన్న వేల్సు దేశములో జరిగిన పని వేరు. లాన్‌డౌరర్ గ్రామములో గురువుగా ఉన్న గ్రిఫిత్ జోన్స్ 1730 ప్రాంతములో సంచార పాఠశాలలను ఆరంభించాడు. ఒక ఉపాధ్యాయుడు ఒక ఊరిలో ఇంచుమించు మూడు నెలలు, సాధారణముగా పొలముపని తక్కువగా ఉండే శీతకాలములో, ఉండి వేల్షు భాషలో బైబిలు చదువుట నేర్పి మరొక ఊరికి తరలిపోయేవాడు. పిల్లలతోబాటు పెద్దలు కూడా అక్కడ చదువుకొన్నారు. పగలు పనికి పోయేవారి కొరకు రాత్రి బడులు జరిగేవి. 1761లో జోన్స్ మరణించే నాటికి ఈ బడులు వేల సంఖ్యలో నడిచాయి.

తరువాతి తరములో బాలా పట్టణమునకు చెందిన థామస్ చార్లెస్ (1755–1814) ఆ పనినే ఆదివారపు బడులుగా స్థిరపరచాడు. మేరీ జోన్స్ అనే బాలిక 1800లో బైబిలు కొనుటకు కాలినడకన చేరుకొన్నది ఈ చార్లెస్ గారి యింటికే. ఆ కథ మన సండే స్కూలు పిల్లలకు సుపరిచితమే. 1804లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ ఏర్పడుటలో ఆయన పాత్ర కూడా మనకు తెలిసినదే. మనము అంతగా గమనించనిది ఏమనగా, చార్లెస్ గారి బడులలో ముసలివారు కూడా విద్యార్థులే. 1811 ప్రాంతమునాటి ఆయన వృత్తాంతములో ఒక చక్కని విషయము ఉన్నది. ఒక జిల్లాలో పెద్దవారిని బడికి రమ్మని బహిరంగముగా పిలిచినప్పుడు వృద్ధులు గుంపులుగా తరలివచ్చారట. వారికి కావలసినన్ని కళ్ళజోళ్ళు అంగళ్ళవారు వెంటనే సమకూర్చలేకపోయారట.

ఈ కళ్ళజోళ్ళ సంగతి చిన్నదిగా కనిపించినా చరిత్రకారునికి విలువైన సాక్ష్యము. వృద్ధులకు చదువు నేర్పుట వారియెడల దయగా అక్కడ ఎంచబడలేదు. లేఖనము అందరిదీ గనుక అక్షరము అందరికీ కావలసి వచ్చింది. పిల్లలూ ముసలివారూ ఒకే పుస్తకము ముందు సమానముగా విద్యార్థులయ్యారు. వేల్సులో అన్ని వయస్సులవారు హాజరయ్యే ఆదివారపు బడి ఒక ఆచారముగా తరతరములు నిలిచింది.

మన తెలుగు గ్రామ సంఘముల తొలి దినములలో కూడా దీనిని పోలిన పరిస్థితి ఉండేది. పొలమునుండి తిరిగివచ్చిన తరువాత దీపపు వెలుగులో కూడుకొనే సాయంకాల ప్రార్థనకు వయస్సు తేడా లేదు. అక్షరము రాని అవ్వ కీర్తన మొత్తము కంఠస్థముగా పాడేది. బడికి పోయే మనుమడు వాక్యము చదివి వినిపించేవాడు. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు ఊరూరా నిలిచింది ముద్రించిన పుస్తకమువలన మాత్రమే కాదు, ఒక తరము నోటినుండి మరొక తరము చెవికి చేరుటవలన కూడా.

3. వయస్సుల వారీగా విభజన

పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగములో పరిస్థితి మారింది. పరిశ్రమలు పెరిగి యువకులు గ్రామములు విడిచి పట్టణములకు చేరారు. వారి ఒంటరితనమునకు, శోధనలకు జవాబుగా 1844లో లండనులో జార్జి విలియమ్స్ వై.యం.సి.ఎ.ను స్థాపించాడు. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండు పట్టణములో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరుగారు తన సంఘ యౌవనస్థుల కొరకు క్రిస్టియన్ ఎండీవర్ సమాజమును ఆరంభించాడు. మన తెలుగు సంఘములలో సి.ఇ. కూడిక అని పిలువబడేది దీని సంతతియే. ఆ దినములలో యౌవనులకు సంఘములో మాట్లాడుటకు, ప్రార్థించుటకు, బాధ్యత వహించుటకు తావు లేకపోయింది. క్లార్క్ వారికి ఆ తావు కల్పించాడు. ఇది మేలైన పనియే. దానిని మేము తక్కువ చేయుట లేదు.

అయినను అదే కాలములో పాఠములు కూడా విడిపోయాయి. 1872లో అమెరికాలోని ఆదివారపు బడుల నాయకులు అన్ని వయస్సులవారికి ఒకే వాక్యభాగమును నియమించే ఏకరీతి పాఠములను ఆమోదించారు. తాతకూ మనుమరాలికీ ఆ వారము ఒకే పాఠము గనుక భోజనపు బల్లయొద్ద ఇద్దరూ మాట్లాడుకొనగలిగేవారు. 1904లో మనస్తత్వవేత్త జి. స్టాన్లీ హాల్ కౌమారదశను గూర్చి బృహద్గ్రంథము ప్రచురించాడు. ఆ కాలపు విద్యాశాస్త్ర ప్రభావములో 1908 నాటికి వయస్సుల వారీ పాఠములు ఆమోదము పొందాయి. బోధన మెరుగుపడింది, సంభాషణ తగ్గింది.

రాజ్యము కూడా వయస్సుకు గీత గీసింది. 1889లో జర్మనీ 70 సంవత్సరములు నిండిన కార్మికులకు పింఛను చట్టము చేసింది. 1935లో అమెరికా సామాజిక భద్రతా చట్టము 65 సంవత్సరములను ప్రమాణముగా తీసుకొన్నది. బీద వృద్ధులకు ఇది గొప్ప మేలు. అయితే అన్నము పెట్టుటకు గీసిన గీతయే క్రమేణా పనినుండి తొలగించుటకు కూడా గీత అయినది. అరవై ఐదు దాటినవాడు ఆదుకొనదగినవాడు అనే మాట, అక్కరలేనివాడు అనే మాటగా మారుటకు ఎక్కువ కాలము పట్టలేదు.

4. 1965: పెంపుడు అవ్వాతాతలు

ఇరవైయవ శతాబ్దపు మధ్యభాగములో అనాథాశ్రమములలోని పిల్లలను గూర్చి కొన్ని ముఖ్యమైన పరిశోధనలు వచ్చాయి. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు వ్రాసిన నివేదిక వాటిలో పేరుపొందినది. ఆహారము, శుభ్రత ఉన్నంత మాత్రాన పిల్లలు వర్ధిల్లరు. తనను తనగా ఎరిగిన ఒక మనిషి ప్రతి పిల్లకూ కావాలి అని ఈ పరిశోధనలు చూపించాయి. ఆశ్రమ సిబ్బందికి అంత తీరిక లేదు. మరొకవైపు తీరిక తప్ప మరేమియు లేని బీద వృద్ధులు వేలమంది ఉన్నారు.

ఈ రెండు లేములను కలిపి 1965లో అమెరికా ప్రభుత్వము ఒక కార్యక్రమమును ఆరంభించింది. ఫాస్టర్ గ్రాండ్‌పేరెంట్స్ అనే దాని పేరును మేము పెంపుడు అవ్వాతాతలని తెలిగించుచున్నాము. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దారిద్ర్యముపై ప్రకటించిన పోరాటములో అది భాగము. ఆ పోరాటమునకు సార్జెంట్ ష్రైవర్ నాయకుడు. తక్కువ ఆదాయము గల, అరవై దాటిన స్త్రీ పురుషులు వారమునకు ఇంచుమించు ఇరవై గంటలు ఆశ్రమములలోను ఆసుపత్రులలోను పిల్లలతో గడుపుతారు. పిల్లను ఎత్తుకొనుట, తినిపించుట, కథ చెప్పుట, ప్రక్కన కూర్చొనుట వారి పని. అందుకు వారికి కొద్దిపాటి భృతి లభిస్తుంది. అర్హత వయస్సు తరువాత 55కు తగ్గింది. ఆ కార్యక్రమము అరవై సంవత్సరములుగా కొనసాగుచు, పాఠశాలలకు కూడా వ్యాపించింది.

ఇందులో గమనింపదగిన విషయము ఒకటి ఉన్నది. ఇది వృద్ధులను పరామర్శించే కార్యక్రమము కాదు. వృద్ధుడు ఇక్కడ సేవ పొందేవాడు కాక సేవ చేసేవాడు. తన కొరకు ఒక పిల్ల ఎదురుచూస్తున్నది అనే తలంపు ఉదయమున అతనిని మంచముమీదనుండి లేపుతుంది. 1990ల మధ్యలో ఆరంభమైన ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే మరొక కార్యక్రమము ఇదే సూత్రముపై వృద్ధులను వారమునకు పదిహేను గంటలు ప్రాథమిక పాఠశాలలకు పంపి, చదువులో వెనుకబడిన పిల్లల ప్రక్కన కూర్చోబెట్టింది.

అయినను దీనికి ఒక పరిమితి ఉన్నది. ఎవరు ఎక్కడికి పోవాలో, ఏమి చేయాలో కార్యాలయము నిర్ణయిస్తుంది. వృద్ధునికి పని దొరికింది గాని, నిర్ణయములలో మాట దొరకలేదు. ఆ మాటను అడిగినది ఒక సంఘ పరిచారకురాలు.

5. 1970: మ్యాగీ కూన్, కుట్టుమిషను

మార్గరెట్ కూన్ 1905 ఆగస్టు 3న బఫలో పట్టణములో జన్మించింది. అందరూ ఆమెను మ్యాగీ అని పిలిచేవారు. చదువు ముగిసిన తరువాత వై.డబ్ల్యు.సి.ఎ.లో పనిచేసే స్త్రీల మధ్య అనేక సంవత్సరములు పరిచర్య చేసింది. 1950నుండి ప్రెస్బిటేరియను సంఘపు సామాజిక విద్యా విభాగములో పనిచేసింది. ఫిలడెల్ఫియాలో తన ఇంటిలో తల్లిదండ్రులను, అనారోగ్యముతో ఉన్న సహోదరుని చూచుకొనుచు న్యూయార్కు కార్యాలయమునకు రైలులో ప్రయాణము చేసేది.

1970లో ఆమెకు 65 సంవత్సరములు నిండుచుండగా, నియమము ప్రకారము పదవీ విరమణ చేయవలెనని సంఘ కార్యాలయము తెలియజేసింది. ఇంకను పని చేయగలనని, చేయదలిచానని ఆమె అన్నది గాని నియమము మారలేదు. వీడ్కోలు సభలో ఆమెకు ఒక కుట్టుమిషను కానుకగా ఇచ్చారు. ఆమె దానిని ఎన్నడును తెరవలేదు.

ఈ సంఘటనను మేము ప్రెస్బిటేరియను సంఘమును నిందించుటకు ప్రస్తావించుట లేదు. ఆనాడు దాదాపు ప్రతి సంస్థలోను అదే నియమము. మేము చెప్పదలిచినది ఇది: సామాజిక న్యాయమును బోధించుటకు ఏర్పరచిన విభాగమే, ఆ న్యాయమును ఇరవై సంవత్సరములు బోధించిన స్త్రీని వయస్సు ఒక్కటే కారణముగా ఇంటికి పంపింది. అందులో ఉన్న వైరుధ్యము ఆ కార్యాలయములో ఎవరికీ తోచలేదు. కానుక ఇచ్చినవారు ప్రేమతోనే ఇచ్చారు. కాని ఇకమీదట నీవు చేయదగిన పని ఇంత మాత్రమే అని ఆ ప్రేమ ఆమెకు చెప్పింది.

ఆమె తనవలెనే విరమణ చేయవలసి వచ్చిన ఐదుగురు స్నేహితురాండ్రతో కలిసి కూర్చున్నది. సంఘములోను సంఘ సంబంధమైన సంస్థలలోను పరిచర్య చేసి అనుభవము గడించిన స్త్రీలు వారు. వారు వృద్ధుల సంఘము ఒకటి పెట్టుకొని పింఛను పెంచమని అడిగి ఉండవచ్చును. అట్లు చేయక, యౌవనులను వెదకికొని పోయారు. అది వియత్నాము యుద్ధకాలము. పద్దెనిమిది ఏండ్ల కుర్రవారిని ప్రభుత్వము యుద్ధమునకు పిలుచుచున్నది. ఆ నిర్ణయములో వారికి మాట లేదు. వృద్ధులను సమాజము ఇంటికి పంపుచున్నది. ఆ నిర్ణయములో వీరికీ మాట లేదు. మీ సమయము ఇంకా రాలేదని ఒకరికి, మీ సమయము అయిపోయినదని మరొకరికి చెప్పే సమాజములో ఈ ఇరువురి అవస్థ ఒక్కటే అని కూన్ గ్రహించింది. తమ గుంపునకు వారు పెట్టుకొన్న మొదటి పేరే, సామాజిక మార్పు కొరకు పెద్దల, యౌవనుల సంప్రదింపు అనే అర్థమునిచ్చేది. 1972నాటికి దానికి గ్రే పాంథర్స్ అనే పేరు స్థిరపడింది. ఫిలడెల్ఫియాలో ఒక చర్చి నేలమాళిగలో వారి కార్యాలయము నడిచింది.

వారు చేసిన పనులు అనేకము. వృద్ధుల ఆశ్రమములలో జరిగే నిర్లక్ష్యమును బయటపెట్టారు. వినికిడి యంత్రముల అమ్మకములో జరిగే మోసములపై విచారణ చేశారు. నిర్బంధ పదవీ విరమణకు వ్యతిరేకముగా పోరాడారు. 1978లో అమెరికా చట్టము ఆ వయస్సును 65నుండి 70కి పెంచింది. 1986లో ఎక్కువ ఉద్యోగములలో నిర్బంధ విరమణనే రద్దు చేసింది. ఇది ఒక్క కూన్ సాధించినది కాదు. శాసనసభలో క్లాడ్ పెప్పర్ వంటివారు చేసిన కృషి అందులో పెద్దది. అయితే ఆ ప్రశ్నను ప్రజల ముందు ఉంచినవారిలో ఆమె ముఖ్యురాలు.

ఆమె చెప్పినదానిని తన ఇంటిలోనే ఆచరించింది. ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌన్ ప్రాంతములోని తన ఇంటిలో యౌవనులకు తక్కువ అద్దెకు గదులిచ్చింది. వారు ఇంటిపనిలో తోడ్పడేవారు, ఆమె వారి కష్టసుఖములు వినేది. ఇట్లు ఇల్లు పంచుకొనే పద్ధతిని ఇతరులకు నేర్పుటకు 1980ల ఆరంభములో ఒక సంస్థను కూడా ఏర్పరచింది. 1995 ఏప్రిల్ 22న, 89 ఏండ్ల వయస్సులో ఆమె మరణించింది.

6. ఒకే కప్పు క్రింద

1970ల తరువాత ఈ తలంపు ఇతర దేశములలో ఇతర రూపములు పొందింది. వాటిలో మూడింటిని మాత్రమే ఇక్కడ సూచిస్తాము.

జపానులోని టోక్యో నగరపు ఎదొగావా ప్రాంతములో కోతోయెన్ అనే సంస్థ వృద్ధుల ఆశ్రమమును నడిపేది. 1976లో దానితో శిశు పాఠశాల కూడా చేరింది. ఉదయమున పిల్లలూ వృద్ధులూ కలిసి వ్యాయామము చేయుట అక్కడి దినచర్యలో భాగమయినది. పండుగ నాటి సందర్శనము కాదు, ప్రతిదినపు పరిచయము. వృద్ధులు వేగముగా పెరుగుచు పిల్లలు తగ్గుచున్న దేశములో ఈ నమూనా చాలామందిని ఆకర్షించింది.

జర్మనీలో 2003లో లోయర్ సాక్సనీ రాష్ట్రమునందు, ఆ తరువాత 2006నుండి దేశమంతట, బహుతరముల గృహములు అనే కార్యక్రమము ఆరంభమయినది. అప్పటి కుటుంబ వ్యవహారముల మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ దీనికి ప్రోత్సాహకురాలు. కొన్ని సంవత్సరములలోనే ఇంచుమించు 500 గృహములు ఏర్పడ్డాయి. ఇవి నివాసగృహములు కావు. ఎవరైనను వచ్చి కూర్చొనదగిన సాధారణ గది ప్రతి గృహములోను ముఖ్యము. అక్కడ పెద్దలు పిల్లలకు హోంవర్కులో సాయపడతారు, యౌవనులు పెద్దలకు కంప్యూటరు నేర్పుతారు. వీటిలో అనేకమును సంఘములు, సంఘ సంబంధమైన సేవాసంస్థలు నడుపుచున్నవి. 1970లో ఒక వృద్ధ పరిచారకురాలిని ఇంటికి పంపినదీ సంఘమే. ఇప్పుడు తలుపు తెరచినదీ సంఘమే.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణములో హ్యుమానిటాస్ అనే వృద్ధాశ్రమము 2010ల ప్రథమార్ధమునుండి కొద్దిమంది కళాశాల విద్యార్థులకు అద్దె లేకుండ గదులిచ్చింది. వారు నెలకు 30 గంటలు మంచి పొరుగువారిగా గడపాలి, అంతే నిబంధన. నర్సు పని చేయనక్కరలేదు. కలిసి భోజనము చేయుట, ఊరి కబుర్లు తెచ్చుట, కొత్త యంత్రములు వాడుట నేర్పుట చాలు.

7. ఈ చరిత్రను ఎట్లు విలువ కట్టాలి?

పై ఉదాహరణలను చూచి, వృద్ధులను యౌవనులను ఒకచోట కూర్చోబెడితే చాలు, ప్రేమ దానంతట అదే పుడుతుందని తలంచకూడదు. 1954లో గోర్డన్ ఆల్పోర్ట్ అనే మనస్తత్వవేత్త పక్షపాతములను గూర్చిన తన గ్రంథములో, రెండు గుంపుల పరిచయము మేలు చేయాలంటే నాలుగు పరిస్థితులు కావాలని వివరించాడు. ఇరువురూ సమాన స్థానములో ఉండాలి. ఇరువురికీ ఒకే గురి ఉండాలి. ఆ గురి కొరకు కలిసి పాటుపడాలి. పై అధికారుల మద్దతు ఉండాలి. ఆయన జాతుల మధ్య పక్షపాతమును దృష్టిలో ఉంచుకొని వ్రాసినా, తరముల విషయములోను పరిశోధకులు దీనిని వాడుచున్నారు.

ఈ కొలతతో మన సంఘములలో బాగుగా వాడుకలో ఉన్న ఒక కార్యక్రమమును కొలిచి చూద్దాము. క్రిస్మసు ముందు యౌవనస్థులు వృద్ధాశ్రమమునకు పోయి, రెండు పాటలు పాడి, పండ్లు, రొట్టెలు పంచి, ఫోటో తీసికొని వస్తారు. ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకొనేవారు ఒకరు గనుక సమాన స్థానము లేదు. ఇరువురికీ కలిసిన గురి లేదు. కలిసి చేసిన పని లేదు. పాస్టరుగారి మద్దతు ఒక్కటి మాత్రమున్నది. మంచి మనస్సుతో చేసినదే అయినా, వృద్ధాప్యమంటే జాలిపడవలసిన స్థితి అనే తలంపే యౌవనుని మనస్సులో బలపడవచ్చును. వృద్ధునికో, మరుసటి క్రిస్మసు వరకు తన పేరు ఎవరూ అడుగరని తెలుసు.

గతములోని కార్యక్రమములకు కూడా ఈ కొలత వర్తిస్తుంది. పెంపుడు అవ్వాతాతల కార్యక్రమములో నిలకడ, ఆప్యాయత ఉన్నవి, నిర్ణయాధికారము తక్కువ. గ్రే పాంథర్స్‌లో సమానత్వము, ఒకే గురి ఉన్నవి. అయితే యౌవనులు ఆశించినంతమంది నిలువలేదు, నాయకురాలు గతించిన తరువాత ఉద్యమము బలహీనపడింది. జర్మనీ గృహములకు కట్టడములు, జీతములు ఉన్నవి. అవి ప్రభుత్వ నిధులపై ఆధారపడినవి. వేల్సు బడులకు ఇవేవీ లేవు. అయినను అవి తరతరములు నిలిచాయి. కారణము, అక్కడ తరములను కలుపుటే గురి కాదు. చదువవలసిన పుస్తకము ఒకటి ఉన్నది. దానియొద్దకు అందరూ వచ్చారు గనుక ఒకరినొకరు కలిశారు.

8. తెలుగు సంఘములకు అన్వయము

మన దేశములో 2001 జనాభా లెక్కలలో అరవై దాటినవారు ఇంచుమించు 7.6 కోట్లు ఉండగా 2011నాటికి 10 కోట్లు మించారు. 1999లో భారత ప్రభుత్వము వృద్ధుల జాతీయ విధానమును ప్రకటించింది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము వచ్చింది. తల్లిదండ్రులను పోషించుటకు చట్టము కావలసి వచ్చినదంటే, మనది ఉమ్మడి కుటుంబముల దేశము గనుక ఈ సమస్య పాశ్చాత్యులదేనని చెప్పుటకు వీలులేదు. ఉమ్మడి కుటుంబములో కూడా పెద్దల మాట చెల్లినంతగా చిన్నవారి మాట, కోడండ్ర మాట చెల్లలేదనుట మనమందరము ఎరిగినదే. పాతదానికి తిరిగి పోవుట మన గురి కాదు.

1990ల తరువాత మన యౌవనులు చదువు, ఉద్యోగముల కొరకు హైదరాబాదునకు, బెంగళూరునకు, అమెరికాకు తరలిపోయారు. చాలా గ్రామములలో సంఘమంటే వృద్ధుల సంఘముగా మిగిలింది; పట్టణములలో వృద్ధుల నీడ లేని యౌవన సంఘములు వెలిశాయి. 2020లో మహమ్మారి వచ్చి ఆరాధన ఫోనులోనికి మారినప్పుడు ఈ దూరము బట్టబయలయినది. మనుమడు దగ్గర ఉన్న అవ్వకు ఆరాధన అందింది, లేని అవ్వకు అందలేదు. అట్టి అవ్వ కొరకు మన యౌవనుల కూడిక ఏమి చేసినదని ప్రతి పాస్టరుగారు ప్రశ్నించుకొనవలసి ఉన్నది.

చరిత్ర నేర్పిన పాఠములనుబట్టి మేము మూడు విషయములను సూచిస్తున్నాము.

మొదటిది, ఇరువురికీ అవసరమైన ఒకే పనిని ఎంచుకొనాలి. ఉదాహరణకు, సంఘ చరిత్రను వ్రాయుట. మన గ్రామ సంఘములలో చాలావాటికి వ్రాతపూర్వకమైన చరిత్ర లేదు. అది డెబ్బై, ఎనభై ఏండ్ల విశ్వాసుల జ్ఞాపకములో ఉన్నది. యౌవనులు ఫోనులో వారి మాటలు రికార్డు చేసి వ్రాయగలరు. పాత కీర్తనల రాగములను కూడా అట్లే భద్రపరచవచ్చును. ఇక్కడ వృద్ధుడు దయకు పాత్రుడు కాడు, ఆయన చెప్పకపోతే ఆ చరిత్ర లేదు. యౌవనుడు లేకపోతే అది మిగలదు.

రెండవది, ఏడాదికొక వేడుకకంటె వారమునకొక గంట మేలు. 2014నుండి పింఛనుదారులు జీవన ప్రమాణ పత్రమును కంప్యూటరు ద్వారా సమర్పించే వీలు కలిగింది. ఏటేటా దాని కొరకు ఎంతమంది వృద్ధులు ఎవరినో బ్రతిమాలుకొంటున్నారు. అందుకు తోడ్పడే యౌవనుడు, తన పరీక్షల భయమును, ఉద్యోగము దొరకని దిగులును అదే వృద్ధునితో చెప్పుకొనగలిగితే, ఆ పరిచయము కార్యక్రమము అనే పేరును దాటిపోతుంది.

మూడవది అన్నింటికంటె కష్టమైనది. అది విరమణ చేసిన పరిచారకులను గూర్చినది. మన సంఘములలో పాస్టరుగారు విరమణ పొందే దినమున సభ పెట్టి, శాలువా కప్పి, పూలదండ వేసి, మంచి మాటలు చెబుతాము. ఆ తరువాత ఆయన ఇల్లు ఖాళీ చేస్తాడు. ముప్పై, ముప్పై ఐదు సంవత్సరములు సంఘ గృహములో నివసించి సొంత యిల్లు కట్టుకొనలేని వారు అనేకులు. మరుసటి ఆదివారమునుండి ఆయనను ఏ పనికీ పిలువము. పిలిస్తే కొత్త పాస్టరుగారికి ఇబ్బంది అంటాము. బైబిలు స్త్రీల విషయములో శాలువా కూడా ఉండదు. మ్యాగీ కూన్ తెరువని కుట్టుమిషను మన శాలువాకంటె వేరైనది కాదని మేము తలంచుచున్నాము. కొత్త కాపరి అధికారమును గౌరవిస్తూనే, విరమణ పొందినవారికి యౌవనుల మధ్య ఒక నిర్ణీతమైన పరిచర్యను సంఘ కమిటీలు అప్పగించవచ్చును. ఆ కమిటీలలోనే ముప్పై లోపువారికి, డెబ్బై దాటినవారికి తప్పనిసరిగా స్థానము కల్పించవచ్చును. సెమినరీ విద్యార్థులు తమ క్షేత్ర పరిచర్యలో ఒక విరమణ పొందిన పాస్టరుగారి యొద్ద కొంతకాలము కూర్చొనే ఏర్పాటు కూడా సాధ్యమే. దీనికి నిధులు అక్కరలేదు, మనస్సు కావాలి.

9. ముగింపు

షిలోహులో బాలుడైన సమూయేలు రాత్రివేళ ఒక స్వరమును విన్నాడు (1 సమూయేలు 3). అది ఎవరి స్వరమో అతనికి తెలియదు. వృద్ధుడైన ఏలీకి చూపు మందగించింది, ఆ స్వరము అతనికి వినబడలేదు. కాని అది ఎవరిదో అతనికే తెలిసింది. పిల్లవాడు మూడుసార్లు లేచి ముసలివాని యొద్దకు పరుగెత్తాడు. ముసలివాడు విసుగుకొని పంపివేయక, మూడవసారి గ్రహించి, ఏమని జవాబు చెప్పాలో నేర్పాడు. ఆ రాత్రి వారిద్దరూ వేర్వేరు ఊళ్ళలో ఉంటే ఏమయ్యేది?

తరముల మధ్య కార్యక్రమముల చరిత్ర ఇరవైయవ శతాబ్దములో ఆరంభమైనదని గ్రంథములు చెబుతాయి. పేరు కొత్తదే, అవసరము ఏలీ, సమూయేలుల నాటిది. సంఘము ఒకప్పుడు ఈ కలయికను కలిగియుండి, మంచి ఉద్దేశములతోనే పోగొట్టుకొని, బయటివారినుండి తిరిగి నేర్చుకొనవలసి వచ్చింది. ఈ మాట ఒప్పుకొనుటకు మనము సిగ్గుపడనక్కరలేదు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన యౌవనస్థులలో ఎంతమందికి ముందు వరుసలో కూర్చున్న వృద్ధుల పేర్లు తెలుసో, ఆ వృద్ధులలో ఎంతమందికి వెనుక నిలుచున్న యౌవనుల పేర్లు తెలుసో పాస్టర్లు విచారించి చూడవలెనని కోరుచున్నాము. మన పని అక్కడ మొదలుకావాలి.